గుల్మార్గా, ఔలీనా, సోలాంగా? మంచు ఎలా ఉందో చూసి స్కీయింగ్ ట్రిప్ ఎంచుకోవడం ఎలా

నవంబర్ వచ్చిందంటే చాలు, ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు మొదలుపెడతారు: ఈసారి మంచులోకి వెళ్దాం, వీలైతే స్కీయింగ్ కూడా నేర్చుకుందాం, మరి కశ్మీర్‌లోని గుల్మార్గ్ బాగుంటుందా, ఉత్తరాఖండ్‌లోని ఔలీనా, లేక హిమాచల్‌లో మనాలీ వెళ్లి సోలాంగ్‌లో కానిచ్చేద్దామా? ఆ తర్వాత మాటలన్నీ ప్యాకేజీ రేటు, హోటల్లో హీటర్ ఉందా, విమానం టికెట్ ఎంత అనే వాటి చుట్టూనే తిరుగుతాయి. మంచు సంగతి ఎవరూ అడగరు, జనవరి కదా, ఉంటుందిలే అనుకుంటారు. 2024 జనవరి మొదటి వారాల్లో గుల్మార్గ్ వెళ్లినవాళ్లకి చాలాచోట్ల కనిపించింది ఎండిపోయిన గడ్డి. సరైన మంచు ఆ నెలాఖరుకి గానీ పడలేదు. 2025లో అయితే ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్నే మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. ప్రభుత్వం తలపెట్టిన క్రీడలకే ఆ గతి పట్టిందంటే, మూడు నెలల ముందే డబ్బు కట్టేసి నాలుగు రోజుల సెలవు పెట్టుకుని వెళ్లే మన సంగతి చెప్పాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్కీయింగే ముఖ్యం అనుకుంటే గుల్మార్గ్, అదీ ఫిబ్రవరిలో. పిల్లలతో వెళ్లి మంచు చూసి, కాసేపు ఆడుకుని వచ్చేయాలంటే మనాలీ వైపు, కానీ సోలాంగ్ దగ్గరే ఆగిపోకుండా అవసరమైతే అటల్ సొరంగం దాటి వెళ్లేలా ప్లాన్ చేసుకుని. ఔలీ హిమాలయ శిఖరాలంటే ప్రాణం పెట్టేవాళ్లకి, మంచు కాస్త అటూఇటూ అయినా బాధపడనివాళ్లకి. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ముందు మంచు గురించి కొంచెం చెప్పుకోవాలి.

ఎంత లోతు పడింది అన్నది సగం సమాధానమే

"అక్కడ నాలుగడుగులు పడిందట" అని ఎవరైనా చెప్పగానే టికెట్ బుక్ చేసేయకండి. ఆ నాలుగడుగులు ఎప్పుడు పడ్డాయి, పడ్డాక ఎండ కాసిందా, గాలి వీచిందా, వాన తగిలిందా అన్నది తెలిస్తేనే ఆ అంకెకి అర్థం. రాత్రికి రాత్రి పడిన లోతైన కొత్త మంచు స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లకి పండగ, దాని కోసమే యూరప్ నుంచి జనం గుల్మార్గ్ వస్తారు. మొదటిసారి స్కీలు కట్టుకున్నవాళ్లకి మాత్రం అది నరకం, మోకాళ్ల దాకా దిగబడిపోతారు, పడితే లేవడానికి అరగంట పడుతుంది, స్కీ ఊడిపోతే మంచులో వెతుక్కోవాలి. అదే మంచు ఒకటి రెండు రోజులకి కాస్త కుదురుకుని, యంత్రంతో చదును చేశాక నేర్చుకునేవాళ్లకి అంతకంటే మంచిది దొరకదు. మెత్తగానే ఉంటుంది, కానీ స్కీని మోస్తుంది, పడినా దెబ్బ తగలదు.

పగలు ఎండకి కరిగి రాత్రి చలికి గడ్డకట్టిన మంచు వేరే రకం. పైన గట్టి పెచ్చు, తెల్లారేసరికి గాజులా మెరుస్తుంది, ఫొటోకి అద్భుతంగా ఉంటుంది, స్కీ అంచు మాత్రం దిగదు. దీని మీద పడితే నేల మీద పడినట్టే, మణికట్టు విరగ్గొట్టుకునేవాళ్లు ఉంటారు. మళ్లీ పది, పదకొండు గంటలకి ఎండ తగిలి పైపొర మెత్తబడితే ఓ రెండు గంటలు హాయిగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక అదే నీళ్లు కలిసిన చిత్తడి అయిపోయి స్కీలు పట్టేసినట్టు ఆగిపోతాయి, ఒళ్లు ముందుకెళ్తుంది కాళ్లు వెళ్లవు, మోకాళ్లు మెలితిరిగేది అప్పుడే. మార్చిలో దాదాపు రోజూ ఇదే వరస కాబట్టి ఆ నెలలో వెళ్లేవాళ్లు పొద్దున్నే పరిగెత్తాల్సిన పని లేదు, టిఫిన్ చేసి నింపాదిగా బయల్దేరి మధ్యాహ్నం భోజనానికల్లా ముగించేస్తే సరి.

చిన్న పరీక్ష ఒకటుంది. గుప్పెడు మంచు తీసుకుని గ్లవ్ వేసుకున్న చేత్తో నొక్కండి. తడి లేని బియ్యప్పిండిలా ముద్ద కట్టకుండా జారిపోతే పొడి మంచు, చలి బాగా ఉందన్నమాట. ముద్ద కట్టి నిలబడితే తడి ఉంది. పిండితే నీళ్లు కారితే ఆ పూటకి స్కీయింగ్ ఆపేసి పిల్లలతో మంచు బొమ్మ చేసుకోవడమే మేలు, దానికి అదే సరైన మంచు కూడా.

ఎత్తు లెక్క

మూడు చోట్లనీ పోల్చేటప్పుడు నేను మొదట చూసేది ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు చలి పెరుగుతుంది. శ్రీనగర్ 1,585 మీటర్ల ఎత్తులో ఉంది, గుల్మార్గ్ సుమారు 2,650, అక్కడి గొండోలా (కేబుల్ కార్) రెండో ఫేజ్ దింపే అఫర్వాట్ కొండ సుమారు 3,950. మబ్బు పట్టి గాలి కదులుతున్న రోజున శ్రీనగర్‌లో 10 డిగ్రీలుంటే గుల్మార్గ్‌లో దాదాపు 3 ఉంటుంది, అఫర్వాట్ దగ్గర మైనస్ 5. అంటే ఒకే రోజు ఒకే మేఘం కింద శ్రీనగర్‌లో వాన, గుల్మార్గ్‌లో వానా మంచూ కలిసినట్టు, పైన మాత్రం అచ్చమైన పొడి మంచు. (ఆకాశం తేటగా ఉన్న శీతాకాలపు రాత్రుళ్లలో ఈ లెక్క తిరగబడుతుంది, చల్లగాలి లోయలోకి దిగి శ్రీనగరే ఎక్కువ వణుకుతుంది, అందుకే ఈ లెక్కని మబ్బు రోజులకే వాడండి.)

సోలాంగ్, ఔలీ కింది భాగం రెండూ 2,500 మీటర్ల దగ్గరలోనే ఉంటాయి. ఔలీ స్లోప్ పైభాగం 3,050 దాకా వెళ్తుంది. గుల్మార్గ్‌కి అదనంగా ఉన్న ఆ 900 మీటర్లే మొత్తం తేడా, కింద కరుగుతున్నా పైన మిగిలి ఉంటుంది. ఇంకోటి, మన హిమాలయాల్లో శీతాకాలపు మంచుని తెచ్చేది మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అల్పపీడనాలు, వార్తల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారే, అవే. అవి ముందు తగిలేది కశ్మీర్‌కి. తర్వాత హిమాచల్, ఆ తర్వాత ఉత్తరాఖండ్. బలహీనమైనవి చాలాసార్లు కశ్మీర్‌లోనే అయిపోతాయి. ఔలీ దక్షిణానికి జరిగి ఉండటం వల్ల ఎండ కూడా కాస్త ఎక్కువే. పటంలో ఈ మూడింటినీ ఒకసారి చూస్తే ఏది నమ్మకమైనదో సగం అర్థమైపోతుంది.

గుల్మార్గ్: అన్నిటికంటే మంచి మంచు, అన్నిటికంటే జాగ్రత్త కావాల్సిన చోటు

గుల్మార్గ్ నిజానికి రెండు వేర్వేరు కొండల్లాంటిది, ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఆ తేడా చెప్పరు. ఊరి దగ్గరున్న మైదానం లాంటి చోట చిన్న వాలులు, కాళ్ల మధ్య పట్టుకుని పైకి లాక్కెళ్లే డ్రాగ్ లిఫ్టులు, నేర్చుకునేవాళ్లంతా అక్కడే. గొండోలా మొదటి ఫేజ్ కొంగ్‌డోరి దాకా తీసుకెళ్తుంది, సుమారు 3,050 మీటర్లు, అక్కడి నుంచి ఒక మోస్తరుగా వచ్చినవాళ్లు దిగొచ్చు. రెండో ఫేజ్ 2005లో మొదలైంది, అఫర్వాట్ దాకా. అక్కడి నుంచి స్కీ మీద దిగడం మాత్రం బాగా వచ్చినవాళ్ల పనే, ఎందుకంటే పైన చాలావరకు చదును చేసిన దారులంటూ ఉండవు, మొత్తం సహజమైన కొండవాలే.

కాబట్టి గుల్మార్గ్‌లో మంచు ఎలా ఉంది అని అడగకండి, మీరు వెళ్లేది ఏ ఎత్తుకో ఆ ఎత్తులో ఎలా ఉందో అడగండి. పైన మీటరున్నర ఉండి కింద నేర్చుకునే చోట రాళ్లు తేలి ఉండొచ్చు, ముఖ్యంగా డిసెంబర్‌లో. మొదటిసారి వెళ్లేవాళ్లకి పైన ఎంతుంటే ఏం లాభం?

రెండో ఫేజ్ గురించి కూడా ఒక మాట. పెద్ద మంచు పడిన మర్నాడు, గాలి ఎక్కువున్న రోజున దాన్ని ఆపేస్తారు. అందరూ చిరాకుపడతారు గానీ అది ఆపడానికి గట్టి కారణం ఉంది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద హిమపాతంలో (వాలు మీది మంచు ఒక్కసారిగా జారి మీద పడటం, అవలాంచ్ అంటారే, అదే) ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న మరో హిమపాతంలో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. కొత్త మంచు ఎక్కువగా పడ్డాక ఒకటి రెండు రోజులు ప్రమాదం బాగా ఎక్కువ. అంతకుముందు చాలా రోజులు మంచు పడకుండా, పలచటి పాత పొర మీద ఆకాశం తేటగా, విపరీతమైన చలి ఉండి ఉంటే ఇంకా ప్రమాదం, ఆ పాత పొర పంచదార పలుకుల్లాగా విడివిడి రేణువులుగా మారిపోతుంది, దాని మీద ఒక్కసారిగా రెండు మూడు అడుగుల బరువు పడితే పట్టు ఉండదు, మొత్తం పలకలా జారిపోతుంది. ఈమధ్య కశ్మీర్‌లో మంచు ఆలస్యంగా, ఒక్క ఊపులో పడుతున్న ఏడాదుల్లో నేను దీనికే ఎక్కువ భయపడతాను. డీఆర్‌డీఓ కింద చండీగఢ్‌లో ఉన్న డీజీఆర్ఈ అనే సంస్థ జిల్లాలవారీగా హిమపాతం హెచ్చరికలు ఇస్తుంది, వార్తల్లోనూ వస్తాయి. బారాముల్లా జిల్లా పేరు కనిపిస్తే గుల్మార్గ్ అందులోనిదే అని గుర్తుంచుకోండి. కొండ మీద భద్రత చూసే స్కీ పెట్రోల్ వాళ్లు తాడు కట్టి మూసిన చోటికి గైడు రమ్మన్నా వెళ్లొద్దు. తెరిచి ఉన్న పైభాగానికైనా మంచు కింద చిక్కుకుంటే ఆచూకీ చెప్పే ట్రాన్స్‌సీవర్, పార, పొడవాటి కడ్డీ లేకుండా, వాటిని వాడటం తెలిసిన మనుషులు పక్కన లేకుండా వెళ్లకూడదు.

మబ్బు కమ్మిన రోజున చెట్లు లేని పైభాగంలో ఏది నేలో ఏది ఆకాశమో తెలియదు. అలాంటి రోజు పైన తెరిచినా కింద దేవదారు చెట్ల మధ్య ఉన్న వాలులే మేలు, చెట్ల నలుపు వల్ల కనీసం వాలు ఎటుందో కనబడుతుంది.

ఔలీ

నందాదేవి ఎదురుగా కనిపిస్తూ ఉండగా స్కీయింగ్ చేయడం అనే సుఖం ఔలీలోనే ఉంది, 7,816 మీటర్ల శిఖరం అది. స్లోపు పద్ధతిగా ఉంటుంది, నేర్చుకునేవాళ్లకి వంపు సరిపోతుంది, గుల్మార్గ్ పైభాగంలో ఉన్న భయాలు చాలావరకు ఇక్కడ లేవు. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీయింగ్ పోటీలు జరిగింది ఇక్కడే. కానీ మంచు విషయంలో ఔలీని నమ్ముకోవడం కష్టంగా ఉంది. 2023 ఫిబ్రవరిలో ఇక్కడ జరగాల్సిన జాతీయ పోటీలు మంచు లేక రద్దయ్యాయి. కృత్రిమంగా మంచు చేసే యంత్రాలు పెట్టారు కదా అంటారు, నిజమే, కానీ ఆ యంత్రాలకి కూడా గాలి సున్నాకి ఇంకా రెండు మూడు డిగ్రీలు కిందకి వెళ్లాలి, వేడి రాత్రుళ్లలో అవి నీళ్లు చిమ్మినట్టే.

ప్రయాణం కూడా తూకంలో వేయండి. జోషిమఠ్ నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే 2023 జనవరిలో అక్కడ నేల కుంగినప్పుడు ఆపేశారు, దాని మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేయకండి, రోడ్డు దారే అనుకోండి. రుషికేశ్ నుంచి జోషిమఠ్‌కి దాదాపు 250 కిలోమీటర్ల కొండ రోడ్డు, హైదరాబాద్ నుంచి బయల్దేరితే రానూపోనూ మూడు రోజులు దారిలోనే పోతాయి. శ్రీనగర్‌లో దిగితే గుల్మార్గ్ 50 కిలోమీటర్లే. నాలుగైదు రోజుల సెలవు ఉన్నవాళ్లకి ఈ ఒక్క లెక్కతోనే ఔలీ జాబితాలోంచి పోతుంది. పదిరోజుల సెలవుండి, ఫిబ్రవరి మొదట్లో ఉత్తరాఖండ్‌లో గట్టిగా మంచు పడినట్టు వార్త వస్తే మాత్రం నేను నిస్సంకోచంగా వెళ్లమంటాను.

సోలాంగ్, సొరంగం అవతల

సోలాంగ్‌ని స్కీ రిసార్ట్ అనడం నాకు ఇష్టం ఉండదు, అది మంచులో తిరనాళ్లు. మనాలీకి 13 కిలోమీటర్లు, వేల మంది తొక్కుతారు, పడ్డ మంచు పూటలో నల్లబడి గట్టిపడిపోతుంది. అద్దె స్కీలు కట్టి చెయ్యి పట్టుకుని పదడుగులు నడిపించి ఫొటో తీసి పంపేస్తారు, దాన్ని స్కీయింగ్ నేర్పడం అనుకోకండి. అయినా మనాలీకి ఒక పెద్ద వెసులుబాటు ఉంది. 2020 అక్టోబర్‌లో తెరిచిన అటల్ సొరంగం, 9 కిలోమీటర్లు, దాటితే లాహౌల్ లోయ. అక్కడి సిస్సు అనే ఊరు 3,100 మీటర్ల దగ్గర ఉంటుంది. సోలాంగ్‌లో మట్టి కనిపిస్తున్న రోజున అక్కడ తెల్లగా ఉండే అవకాశం బాగా ఎక్కువ. చూడటానికి, ఆడుకోవడానికి వెళ్లేవాళ్లకి ఇది చాలు.

ఇబ్బంది ఏంటంటే మంచు బాగా పడిన రోజునే ఆ దారి మూస్తారు, లేదా చక్రాలకి చెయిన్లు ఉన్న బండ్లని, ఫోర్ బై ఫోర్లని మాత్రమే వదుల్తారు. 2024 డిసెంబర్ చివర్లో సోలాంగ్, సొరంగం మధ్య వందల బండ్లు గంటల తరబడి ఇరుక్కుపోయాయి. అందుకే క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు ఉన్న వారాన్ని నేను ఎవరికీ చెప్పను, రేట్లు ఎక్కువ, జనం ఎక్కువ, మంచు తక్కువ.

ఏ నెల?

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజుల్ని చిల్లై కలాన్ అంటారు, అతి చలి రోజులు. ఆ చలికి, మంచు పడటానికి ముడిపెట్టకండి, తేమ రాకపోతే ఎంత చలి ఉన్నా ఆకాశం నీలంగానే ఉంటుంది. జనవరి చివరికల్లా మామూలుగా అడుగున ఒక పొర కూడుకుని ఉంటుంది, దాని మీద ఫిబ్రవరిలో పడే మంచు నిలుస్తుంది. అందుకే ఫిబ్రవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా నా ఓటు. నేర్చుకోవడానికి మార్చి మొదటి పది రోజులు కూడా బాగుంటాయి, చలి తగ్గుతుంది, పిల్లలు ఏడవరు, కాకపోతే మంచు మంచి స్థితిలో ఉండేది రోజుకి రెండు మూడు గంటలే. తల్లిదండ్రులకి పిల్లల పరీక్షల టెన్షన్ ఉంటుంది కాబట్టి మన దగ్గర చాలామంది మార్చి వదిలేసి ఏప్రిల్, మే అంటారు. ఆ నెలల్లో అఫర్వాట్ పైన మంచు చూడొచ్చు, స్కీయింగ్ మాత్రం మర్చిపోండి.

బయల్దేరే ముందు ఎవర్ని ఏం అడగాలి

మంచు ఉందా అంటే ఉంది సార్ రండి అనే అంటారు, పోయిన ఏడాది వీడియో కూడా పంపిస్తారు. అందుకే అవును, కాదు అని తప్పించుకోలేని ప్రశ్నలు అడగాలి. ఆఖరిసారి మంచు ఏ తారీఖున పడింది? రెండో ఫేజ్ ఈ వారంలో ఏయే రోజులు నడిచింది? గుల్మార్గ్‌కి కింద ఉన్న టంగ్‌మర్గ్ నుంచి పైకి మామూలు కారు వస్తోందా, చెయిన్లున్న బండి మారాలా? నేర్చుకునే చోట డ్రాగ్ లిఫ్టు తిరుగుతోందా? అది తిరగడం లేదంటే కింద మంచు చాలడం లేదనే అర్థం, ఈ ఒక్క జవాబు మీకు పది ఫొటోలకంటే ఎక్కువ చెబుతుంది. హోటల్ వాళ్లకంటే స్కీయింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని అడగడం మంచిది, వీలైతే వీడియో కాల్ చేసి అప్పటికప్పుడు స్లోప్ చూపించమనండి.

వాతావరణ శాఖ శ్రీనగర్ కేంద్రం ఇచ్చే సూచన రోజూ చూడండి. మూడు నాలుగు రోజుల దాకా దాన్ని పట్టించుకోవచ్చు, రెండు వారాల తర్వాత ఇన్ని అంగుళాలు పడుతుందని యాప్‌లో కనిపించే బొమ్మని నమ్మి డబ్బు కట్టొద్దు. వెబ్‌సైట్లలో కనిపించే లోతులు కూడా చాలాసార్లు కంప్యూటర్ లెక్కగట్టినవే, ఎవరో కర్ర పెట్టి కొలిచినవి కావు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ బాధ కొంత తక్కువ, అక్కడ రిసార్టులు పొద్దున్నే ఎంత పడింది, ఏ దారులు చదును చేశారు అని రాసి పెడతాయి. చదవాల్సిన పద్ధతి మాత్రం ఇదే. కాలిఫోర్నియాలో బే ఏరియా నుంచి టాహో కొండలకి వెళ్లేవాళ్లకి పసిఫిక్ దగ్గర కాబట్టి తడి, బరువైన మంచు ఎక్కువ, తుపాను మధ్యలో కింద వాన పడుతుందేమో చూసుకోవాలి. కొలరాడోలో బ్రెకెన్‌రిడ్జ్ లాంటివి అడుగు భాగమే 9,600 అడుగుల ఎత్తులో ఉంటాయి, లోతు తక్కువ చూపించినా మంచు పొడిగా నిలుస్తుంది. రెండింటి అంకెల్నీ పక్కపక్కన పెట్టి లోతు ఎక్కువున్నదే మంచిదనుకుంటే పొరపాటే.

బుకింగ్ సంగతి

నిజంగా నేర్చుకోవాలనుంటే రెండు రోజుల ప్యాకేజీ దండగ. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరున్న పర్వతారోహణ సంస్థ, ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ కోర్సులు నడుపుతాయి. వారం, పది రోజులు ఒకేచోట ఉంటే మంచు ఒకటి రెండు రోజులు బాగోలేకపోయినా మిగతా రోజుల్లో పూడుతుంది.

టూరిస్టుగా వెళ్లేవాళ్లు విమానం టికెట్‌కి తేదీ మార్చుకునే వీలుండేలా కాస్త ఎక్కువ పెట్టండి, హోటల్ డబ్బు వెనక్కిచ్చేదే తీసుకోండి, మంచు పడితే శ్రీనగర్ విమానాలు రద్దవడం మామూలే కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ వదలండి. గొండోలా టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, సీజన్‌లో అక్కడికెళ్లి దొరుకుతుందనుకుంటే కష్టం. రెండో ఫేజ్ టికెట్‌ని మాత్రం వెళ్లిన మొదటి రోజుకి పెట్టుకోకండి. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల సముద్ర మట్టానికి దగ్గరగా ఉండేవాళ్లు ఒక్కసారిగా దాదాపు 4,000 మీటర్లకి వెళ్తే తలనొప్పి, ఆయాసం వస్తాయి, బీపీ, గుండె సమస్యలున్న పెద్దవాళ్లు డాక్టర్‌ని అడిగే వెళ్లాలి. రెండో రోజో మూడో రోజో పెట్టుకుంటే ఒంటికీ అలవాటవుతుంది, మంచు పడి ఫేజ్ మూసినా తెరవడానికి ఇంకో రోజు చేతిలో ఉంటుంది.